విదేశీ సాయం సంస్థకు అధిపతి అయితే చేతికి వచ్చేదేమిటి?

ఏదైనా దేశం తన విదేశీ సాయం సంస్థకు కొత్త అధిపతిని నియమించినప్పుడు వార్తల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: ఇన్ని వేల కోట్ల డాలర్ల బడ్జెట్ ఇక ఈయన చేతిలో, లేదా ఈమె చేతిలో. చిక్కంతా ఆ "చేతిలో" అన్న మాట దగ్గరే ఉంది. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ల చేతికి డబ్బు చాలా అరుదుగా వస్తుంది. వచ్చేది ఎక్కువగా కలం. అదీ ఇంకొకరు ముందే రాసిపెట్టిన కాగితం మీద సంతకం చేయడానికి.

అమెరికా సంగతి చూద్దాం. 2025లో మూతపడేదాకా అక్కడి విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్. 2023 ఆర్థిక సంవత్సరంలో అది నడిపిన సొమ్ము 4,000 కోట్ల డాలర్లకు పైమాటే. దాదాపు 130 దేశాల్లో పనులు, పది వేలకు మించిన సిబ్బంది, వాళ్లలో మూడింట రెండొంతుల మంది విదేశాల్లోనే. వింటుంటే చిన్న సామ్రాజ్యంలా ఉంటుంది. కానీ ఆ సొమ్ములో చాలా భాగానికి అక్కడి చట్టసభ, అంటే కాంగ్రెస్, ముందే పేర్లు రాసేస్తుంది. తల్లీబిడ్డల ఆరోగ్యానికి ఇంత, మలేరియాకు ఇంత, ప్రాథమిక విద్యకు ఇంత, ఫలానా దేశానికి ఇంత. వీటిని ఇయర్‌మార్క్‌లు అంటారు. కొత్త అధిపతి కుర్చీలో కూర్చునే రోజుకే ఆ ఏడాది సొమ్ము ఎటు పోవాలో చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఆ పైన ఏళ్ల క్రితం మొదలైన ఒప్పందాలు ఉంటాయి, వాటి వాయిదాలు ఎలాగూ కట్టాలి. ఇవన్నీ తీసేస్తే అధిపతి సొంత ఆలోచనతో కదిలించగలిగే భాగం చాలా పలచన.

ఆ పలచని భాగానికీ కాపలా ఉంది. కొత్త పనికి డబ్బు పెట్టే ముందు కాంగ్రెస్ కమిటీలకు 15 రోజుల ముందు తెలియజేయాలి. చట్టం ప్రకారం అది కబురు చెప్పడమే, అనుమతి అడగడం కాదు. ఆచారం మాత్రం వేరు. కమిటీ పెద్దల్లో ఒకరు "కాస్త ఆపండి" అంటే ఫైలు ఆగిపోతుంది. దీనికి హోల్డ్ అని పేరు. దానికి గడువు లేదు, కారణం బయటకు చెప్పాల్సిన పని కూడా లేదు. అధ్యక్షుడు సరేనన్నాడు, విదేశాంగ మంత్రి సరేనన్నాడు, సంస్థ అధిపతి సంతకం పెట్టాడు. అయినా డబ్బు కదలదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెత వాషింగ్టన్‌లోనే పుట్టిందేమో అనిపిస్తుంది. చట్టాన్ని పట్టుకుని హోల్డును దాటి వెళ్లవచ్చు కదా అనుకోవచ్చు. వెళ్లవచ్చు. కానీ వచ్చే ఏడాది బడ్జెట్ రాసేదీ ఆ కమిటీయే.

ఇంకో ముడి ఉంది. దేశం విదేశాలకు ఇచ్చేదంతా ఈ ఒక్క సంస్థ ద్వారానే పోతుందని మనం అనుకుంటాం. 2003లో మొదలైన హెచ్‌ఐవీ కార్యక్రమం పెప్ఫార్‌లో క్షేత్రస్థాయి పని చాలావరకు యూఎస్‌ఎయిడ్ చేసింది. దాన్ని నడిపించే సమన్వయకర్త కూర్చున్నది మాత్రం విదేశాంగ శాఖలో. ప్రపంచ బ్యాంకుకు ఇచ్చే వాటా ఆర్థిక శాఖ చూసుకుంటుంది. 2004లో మిలీనియం చాలెంజ్ కార్పొరేషన్ అని విడిగా ఇంకో సంస్థ పెట్టారు. ఒకే పేద దేశం రాజధానిలో అమెరికా సాయం పేరుతో నాలుగు ఆఫీసులు నాలుగు రకాల దరఖాస్తులు అడుగుతుంటే, సాయం సంస్థ అధిపతి వాటిలో ఒక్కదానికే బాస్.

అసలు ఈ కుర్చీ ఎత్తు దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 1997లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం విదేశాంగ శాఖ రెక్క కింద ఉన్న సాయం విభాగాన్ని విడదీసి డీఎఫ్‌ఐడీ అనే పూర్తి మంత్రిత్వ శాఖ చేసింది. దాని మంత్రి క్లేర్ షార్ట్‌కు కేబినెట్‌లో చోటు దక్కింది. ఆర్థిక మంత్రితో నేరుగా పోట్లాడే హక్కు అంటే అదే. 2002లో వచ్చిన చట్టం సాయం పరమార్థం పేదరికం తగ్గించడమేనని రాసిపెట్టింది. అంతకుముందు ఏడాదే బ్రిటన్ కంపెనీల దగ్గరే కొనాలన్న షరతును ఎత్తేశారు. జపాన్‌లో సాయం సంస్థ జైకా అధ్యక్షుడు పనులు నడుపుతాడు, విధానం విదేశాంగ శాఖది. భారత్‌లో అయితే విడి సంస్థే లేదు. 2012లో విదేశాంగ శాఖ లోపల అభివృద్ధి భాగస్వామ్య విభాగం ఒకటి ఏర్పాటు చేశారు, దాన్ని ఆ శాఖ అధికారులే నడుపుతారు. 2025 దాకా అమెరికాది వీటన్నిటి మధ్య రకంగా ఉండేది. సంస్థ వేరు, కానీ అధిపతి విదేశాంగ మంత్రి మాట కింద ఉండాల్సి వచ్చేది. కేబినెట్ హోదా ఉండేది కాదు. బైడెన్ హయాంలో సంస్థ అధిపతి సమంతా పవర్‌కు జాతీయ భద్రతా మండలిలో చోటు ఇచ్చినప్పుడు అంత వార్త అయింది అందుకే.

ఆ "వేరు కానీ కింద" అన్న అమరిక ఊరికే రాలేదు. కెన్నెడీ 1961 నవంబరు 3న కార్యనిర్వాహక ఆదేశంతో యూఎస్‌ఎయిడ్‌ను పుట్టించాడు. 1990ల మధ్యలో సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీకి జెస్సీ హెల్మ్స్ ఛైర్మన్ అయ్యాడు. విదేశీ సాయం ఎలుక కన్నాల్లో పోస్తున్న డబ్బు అనేది ఆయన పాట. యూఎస్‌ఎయిడ్‌తో పాటు ఇంకో రెండు సంస్థల్ని విదేశాంగ శాఖలో కలిపేయాలని పట్టుబట్టాడు. అప్పటి యూఎస్‌ఎయిడ్ అధిపతి బ్రయన్ ఆట్‌వుడ్ పదవీకాలంలో ఎంత భాగం పేద దేశాల మీద, ఎంత భాగం హెల్మ్స్ మీద గడిచిందో లెక్క తీయడం కష్టం. చివరికి మిగతా రెండు సంస్థలూ 1999లో కలిసిపోయాయి. యూఎస్‌ఎయిడ్ బతికింది. 1998 చట్టం దాన్ని విడి సంస్థగా గుర్తించి, అధిపతిని విదేశాంగ మంత్రి అధికారం కింద పెట్టింది. గెలుపో రాజీయో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు.

ఇక కుర్చీ ఎక్కడం. అమెరికాలో అధ్యక్షుడు పేరు ప్రతిపాదించాలి, సెనేట్ ఆమోదించాలి. ఒబామా 2009 జనవరిలో పదవిలోకి వచ్చాడు. యూఎస్‌ఎయిడ్‌కు పూర్తిస్థాయి అధిపతి దొరికేసరికి ఆ ఏడాది చివరికి వచ్చింది. మధ్యలో జులైలో విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ ఆ సంస్థ ఉద్యోగుల ముందే, నియామకాలకు ముందు జరిగే ఆరాలు పీడకలలా తయారయ్యాయని వాపోయింది. 2015లో గేల్ స్మిత్ పేరు ఏప్రిల్ చివర ప్రకటిస్తే ఆమోదం నవంబరు 30న వచ్చింది. ఓట్లు చూస్తే 79 అవును, 7 కాదు. అంటే పెద్దగా వ్యతిరేకతే లేదు, అయినా ఏడు నెలలు. ఈలోగా తాత్కాలిక అధిపతి ఉంటారు. తాత్కాలికంగా ఉన్నవాళ్ల మాట కింది అధికారులు వింటారు, పాటించడానికి మాత్రం తొందరపడరు. రేపు వచ్చేవాళ్లు ఏమంటారో చూద్దాం అన్న ధోరణి ఏ ఆఫీసులోనైనా ఒకటే.

2009 చివరలో ఎట్టకేలకు వచ్చినవాడు రాజీవ్ షా. డాక్టరు, ఆర్థికశాస్త్రం చదివినవాడు, భారత్ నుంచి వలస వెళ్లిన కుటుంబం, వయసు 36. ఆయన కుర్చీలో సర్దుకోకముందే 2010 జనవరి 12న హైతీలో భూకంపం. రాజధాని పోర్టో ప్రిన్స్ కూలిపోయింది. అమెరికా సహాయ చర్యలన్నిటికీ సమన్వయ బాధ్యతను ఒబామా ఆయనకే అప్పగించాడు. ఫోన్ల వరసలు కూడా తెలియని మనిషి ఒక్కసారిగా సైన్యం, తీర రక్షక దళం, డజను శాఖలతో కలిసి పని చేయించాలి.

ఆ మొదటి వారాల్లో ఈ పదవికి నిజంగా బలం ఉంటుంది. విపత్తు సాయం సొమ్ముకు పద్దుల గోల తక్కువ, చట్టం కొన్ని మినహాయింపులు ఇస్తుంది, టీవీ కెమెరాలు చూస్తున్నాయి కాబట్టి అడ్డు చెప్పేవాళ్లూ కాసేపు తగ్గుతారు. నీళ్లు, మందులు, గుడారాలు కదులుతాయి. కెమెరాలు వెళ్లిపోయాక మొదలయ్యేదే అసలు పరీక్ష. హైతీలో యూఎస్‌ఎయిడ్ మొదట 15,000 ఇళ్లు కడతామంది. 2013లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ చూసేసరికి ఆ లక్ష్యం 2,649కి దిగింది. ఖర్చు అంచనా మాత్రం 5.9 కోట్ల డాలర్ల నుంచి 9.7 కోట్లకు పెరిగింది. డబ్బంతా ఎవరో తినేశారని అనుకోవడం తేలిక. ఆడిట్ చెప్పింది వేరు. మొదటి అంచనాలే తక్కువగా వేశారు. పైగా ఇళ్లు ఇంకాస్త పెద్దగా ఉండాలని, ఫ్లష్ మరుగుదొడ్లు కావాలని హైతీ ప్రభుత్వం అడిగింది. అందులో తప్పేముంది? ఎవరికైనా ఫ్లష్ ఉన్న మరుగుదొడ్డే కావాలి. కానీ వాషింగ్టన్‌లో కూర్చుని అంకె ప్రకటించినప్పుడు ఆ ఇంట్లో ఉండబోయేవాళ్లను అడగలేదు. అంకె ప్రకటించిన పాపం, దాన్ని తగ్గించిన పాపం, రెండూ అధిపతి ఖాతాలోనే పడ్డాయి.

అధిపతులందరూ పదవిలోకి వస్తూనే చెప్పే ఒక మాట ఉంది. డబ్బు మన కాంట్రాక్టర్ల చేతుల్లో కాదు, ఆ దేశంలోని స్థానిక సంస్థల చేతుల్లో పెట్టాలి. వాషింగ్టన్ చుట్టూ ఉన్న రింగురోడ్డు పక్కన ఆఫీసులు పెట్టుకుని ప్రభుత్వ కాంట్రాక్టుల మీద బతికే కంపెనీలను అక్కడివాళ్లు వెటకారంగా బెల్ట్‌వే బందిపోట్లు అంటారు. షా 2015కల్లా 30 శాతం స్థానికులకు అని లక్ష్యం పెట్టాడు. చేరలేదు. 2021 నవంబరులో సమంతా పవర్ మళ్లీ 25 శాతం అంది. 2023 ఆర్థిక సంవత్సరానికి సంస్థ సొంత లెక్కే 9.6 శాతం, అంతకుముందు ఏడాది 10.2. ఇద్దరూ తెలివైనవాళ్లు, ఇద్దరికీ పట్టుదల ఉంది, పై నుంచి అండ ఉంది. మరి ఎందుకు కాలేదు?

ఒక కాంట్రాక్టు అధికారి వైపు నుంచి చూస్తే సంగతి తెలుస్తుంది. డబ్బు విడుదల చేసే చట్టబద్ధ అధికారం సంస్థ అధిపతిది కాదు, వారంట్ అనే అధికార పత్రం ఉన్న ఆ కాంట్రాక్టు అధికారిది. అలాంటివాళ్లు సంస్థలో తక్కువ, వాళ్ల బల్లల మీద ఫైళ్లు ఎక్కువ. ఐదు కోట్ల డాలర్లు ఒక పెద్ద కంపెనీకి ఇస్తే ఒక ఒప్పందం, ఒక ఆడిట్, ఫోన్ చేస్తే ఇంగ్లీషులో జవాబు. అదే సొమ్ము యాభై చిన్న సంస్థలకు పంచితే యాభై ఒప్పందాలు, యాభై తనిఖీలు. వాటిలో ఒక్కదానిలో పది వేల డాలర్ల లెక్క తప్పినా కమిటీ ముందు నిలబడేది ఈ అధికారే. చిన్న సంస్థ వైపు కష్టాలు ఇంకో రకం. ముందు ఖర్చు పెట్టి తర్వాత బిల్లు పంపమంటే దాని దగ్గర పెట్టుబడి ఉండదు. అమెరికా నియమాల ప్రకారం లెక్కలు రాయాలంటే ఒక అకౌంటెంటును పెట్టుకోవాలి, ఆ జీతం పనికన్నా పెద్దది. ఇందులో ఎవరూ విలన్ కారు. అందుకే ఒక ప్రసంగంతో ఇది మారదు. కొత్త అధిపతి నిజంగా శాతం పెంచాలనుకుంటే మొదట చేయాల్సింది ప్రసంగం కాదు, కాంట్రాక్టు అధికారుల పోస్టులు పెంచడం. ఆ పని పత్రికల్లో రాదు. పోస్టుల డబ్బు నిర్వహణ ఖర్చు పద్దులోది, దాన్ని దుబారా పేరుతో అందరూ కోస్తూనే ఉంటారు.

ఆహార సాయం కథ ఇంతకన్నా ముదురు. 1954లో వచ్చిన పీఎల్ 480 చట్టం అమెరికా రైతుల మిగులు ధాన్యాన్ని బయటి దేశాలకు పంపే దారి. ఆ చట్టం కింద వచ్చిన గోధుమలు భారత్‌కు బాగానే తెలుసు. 1965 తర్వాత కరువు ఏళ్లలో అధ్యక్షుడు జాన్సన్ దీర్ఘకాల ఒప్పందం చేసుకోకుండా, ఏ ఓడ ఎప్పుడు బయల్దేరాలో తనే నిర్ణయించేవాడు. ఓడలోంచి నేరుగా నోట్లోకి అన్నట్టు సాగింది బతుకు. సాయం సంస్థ అధిపతి ఉన్నాడు, వ్యవసాయ శాఖ ఉంది, కానీ తాళంచెవి అధ్యక్షుడి జేబులో. ఆ ధాన్యానికి భారత్ రూపాయల్లో కట్టిన సొమ్ము గుట్టగా పేరుకుపోయి ఏం చేయాలో అమెరికాకే తెలియలేదు. చివరికి 1974లో రాయబారి మోయినిహాన్ 1,664 కోట్ల రూపాయల చెక్కు రాసి భారత్‌కే ఇచ్చేశాడు.

ఆ చట్టం కింద వెళ్లే ధాన్యంలో సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే వెళ్లాలి. 2012 దాకా ఆ వాటా నాలుగింట మూడొంతులు. కరువు వచ్చిన దేశం పక్క జిల్లాలోనే జొన్నలు దొరుకుతున్నా, సముద్రాలు దాటి గోధుమ రావాలి. ఆఫ్రికాలో సహారాకు దిగువ దేశాల్లో స్థానికంగా కొంటే ధాన్యం 34 శాతం తక్కువకు వస్తోందని 2009లో జీఏఓ లెక్క తేల్చింది. బుష్ కాలంలో అధిపతిగా ఉన్న ఆండ్రూ నాట్సియోస్ అంతకుముందే నాలుగో వంతు డబ్బుతో స్థానికంగా కొననివ్వండని అడిగాడు. మొత్తం కాదు, నాలుగో వంతు. ధాన్యం రైతులు, ఓడల కంపెనీలు, చివరికి ఆ ధాన్యం అమ్మి కార్యక్రమాలు నడుపుకునే కొన్ని స్వచ్ఛంద సంస్థలు కూడా అడ్డం తిరిగాయి. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఆకలి గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి, లెక్క అతని వైపే ఉంది, అయినా ఓడిపోయాడు. ఆకలితో ఉన్నవాడికి ఏ నియోజకవర్గంలోనూ ఓటు లేదు, ఓడలో పనిచేసేవాడికి ఉంది.

పదవి దిగాక 2010లో ఆయనే ఒక పెద్ద వ్యాసం రాశాడు. సాయం సంస్థ మీద నిఘా పెట్టే తనిఖీ వ్యవస్థలు పెరిగి పెరిగి అసలు పనిని మింగేస్తున్నాయన్నది అందులో వాదన. దోమతెరలు ఎన్ని పంచాం, టీకాలు ఎన్ని వేశాం అన్నది లెక్కకు అందుతుంది. ఒక దేశం న్యాయస్థానాలు, ఖజానా, ఆరోగ్య శాఖ సొంతకాళ్ల మీద నిలబడటం లెక్కకు అందదు. అందుకని లెక్కకు అందే పనులకే డబ్బు పోతుంది, దేశాన్ని మార్చేవి వెనకబడతాయి. నాకు ఈ వాదన సగమే నచ్చింది. లెక్క లేని చోట ఏం జరుగుతుందో కూడా చూశాం కదా. కానీ టీకా అందిన బిడ్డను ఫొటో తీయవచ్చు, ఖజానా శాఖలో మెరుగుపడిన పద్ధతిని తీయలేం అన్నది మాత్రం నిజం. అధిపతికి ప్రతి బడ్జెట్ సీజన్‌లోనూ ఫొటో కావాలి.

ఎందుకంటే ఆ సంస్థ అసలు ప్రేక్షకులు సొంత దేశంలో ఉన్నారు. విదేశీ సాయానికి కేంద్ర బడ్జెట్‌లో ఎంత పోతుందని అమెరికన్లను అడిగితే సగటున 26 శాతం అన్నారు, కేఎఫ్ఎఫ్ అనే పరిశోధన సంస్థ సర్వేల్లో. అసలు ఖర్చు ఒక శాతం అటూ ఇటూ. ఇరవై ఆరు శాతం పోతోందని నమ్మేవాడికి దాన్ని సగానికి తగ్గిస్తాననే నాయకుడు ఉదారుడిలాగే కనిపిస్తాడు. బ్రిటన్‌లో ఇంకో తమాషా జరిగింది. వచ్చిన మొదటి ఏడాది శరణార్థుల మీద సొంత దేశంలో పెట్టే ఖర్చును కూడా సాయంగా చూపించుకోవచ్చని దాతల దేశాల నియమం. 2023లో బ్రిటన్ సాయం లెక్కలో నాలుగో వంతుకు పైగా ఆ రూపంలో దేశంలోపలే ఖర్చయింది. అంకె అలాగే ఉంది, డబ్బు విమానం ఎక్కలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనేమో.

సంస్థనే లేకుండా చేయడం కూడా కొత్తేమీ కాదు. 2013లో కెనడా తన సీడాను విదేశాంగ శాఖలో కలిపింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రధాని టోనీ అబాట్ ప్రమాణం చేసిన రోజే ఆస్‌ఎయిడ్‌ను కలిపేస్తున్నట్టు ప్రకటించాడు. బ్రిటన్ డీఎఫ్‌ఐడీ 2020 సెప్టెంబరులో పోయింది. 2025 ఫిబ్రవరిలో ప్రధాని స్టార్మర్ రక్షణ ఖర్చు కోసం సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027కల్లా 0.3కు తగ్గిస్తామనగానే, సాయం వ్యవహారాలు చూస్తున్న మంత్రి అనెలీజ్ డాడ్స్ రాజీనామా ఇచ్చేసింది. ఆమె చేతిలో మిగిలిన ఆయుధం అదొక్కటే.

అమెరికాలో జరిగింది వీటన్నిటికన్నా వేగంగా. 2025 జనవరి 20న ట్రంప్ విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపమన్నాడు. ఫిబ్రవరి 3న విదేశాంగ మంత్రి మార్కో రూబియో తానే యూఎస్‌ఎయిడ్ తాత్కాలిక అధిపతినని ప్రకటించాడు. మార్చి 10కల్లా 83 శాతం కార్యక్రమాలు, దాదాపు 5,200 ఒప్పందాలు రద్దు. జులై 1న మిగిలిన పనులు విదేశాంగ శాఖకు వెళ్లాయి. ఆగస్టు చివర మూసివేత పనిని బడ్జెట్ కార్యాలయం అధిపతి రస్సెల్ వాట్‌కు అప్పజెప్పారు. గమనించండి, 1998 చట్టం ఆ సంస్థను గుర్తించింది, ఆ చట్టాన్ని కాంగ్రెస్ ఎత్తేయలేదు. అరవై ఏళ్లు అధిపతులందరూ కాంగ్రెస్ తమ కాళ్లకు సంకెళ్లు వేసిందని గొణిగారు. సంకెళ్లు వేసిన ఆ కాంగ్రెసే సంస్థను కాపాడే గోడ అనుకున్నారు. గోడ పక్కనుంచి దారి ఉందని తేలింది. ఒక సంస్థను నడిపేందుకూ మూసేందుకూ ఒకే పదవి సరిపోతుందని ఆ కుర్చీ రూపకర్తలు ఊహించి ఉండరు.

మరి ఇంత చెప్పాక, ఈ కుర్చీలో అసలు బలమే లేదా అంటే, ఉంది. కాకపోతే డబ్బు దగ్గర కాదు.

మాటకు బలం ఉంది. 1968 మార్చిలో యూఎస్‌ఎయిడ్ అధిపతి విలియం గాడ్ ఒక సభలో మాట్లాడుతూ, భారత్, పాకిస్తాన్ లాంటి చోట్ల కొత్త వంగడాలతో పెరుగుతున్న దిగుబడులకు హరిత విప్లవం అని పేరు పెట్టాడు. ఆయన్ని ఇప్పుడు ఎవరూ తలవరు, ఆ మాట మాత్రం బడి పుస్తకాల్లో ఉంది.

ఎక్కడ ఉండాలో, ఎక్కడి నుంచి బయటపడాలో చెప్పే బలం కొంత ఉంది. ఆట్‌వుడ్ 1993లో 21 దేశాల్లో ఆఫీసులు మూసేస్తున్నామన్నాడు. మనుషుల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పే బలం ఇంకాస్త ఎక్కువ. జపాన్‌లో సడాకో ఒగాటా 2003లో జైకా పగ్గాలు పట్టింది. అప్పటికే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థను పదేళ్లు నడిపి వచ్చిన మనిషి, వయసు 76. మొదట పట్టుకున్నది బడ్జెట్ కాదు, టోక్యోలో కూర్చున్న సిబ్బందిని. పని జరిగే చోటే నిర్ణయం జరగాలని ప్రధాన కార్యాలయం నుంచి మనుషుల్ని, అధికారాన్ని బయటి దేశాల ఆఫీసులకు తరలించింది. 2008లో రుణాల విభాగం కూడా జైకాలో కలిసింది. ఎనిమిదేళ్లకు పైగా ఉంది కాబట్టి మొదలుపెట్టింది పూర్తయింది. రెండు మూడేళ్లకే దిగిపోయే అధిపతులకు ఈ వరం లేదు.

అన్నిటికన్నా గట్టిది కాదనడం, అదీ కాగితం మీద. బ్రిటన్‌లో డీఎఫ్‌ఐడీకి ముందున్న ఓడీఏలో టిమ్ ల్యాంకెస్టర్ అనే శాశ్వత కార్యదర్శి ఉండేవాడు. మంత్రి కాదు, అధికారి. మలేసియాలో పెర్గావ్ ఆనకట్టకు 23.4 కోట్ల పౌండ్ల సాయం ఇవ్వాలన్న ఫైలు వచ్చింది. దాని వెనక ఆయుధాల అమ్మకం ఉంది, ప్రధాని థాచర్ మాట ఇచ్చి ఉంది. కరెంటు కావాలంటే ఇంతకన్నా చౌక దారులున్నాయని, ఇది ఆర్థికంగా నిలబడదని ఓడీఏ ఆర్థికవేత్తలు తేల్చారు. బ్రిటన్ పద్ధతిలో ఖర్చుకు జవాబుదారీ అయిన అధికారి ఒప్పుకోకపోతే మంత్రి లిఖితపూర్వకంగా ఆదేశించాలి. ల్యాంకెస్టర్ 1991లో సంతకం పెట్టనన్నాడు. విదేశాంగ మంత్రి డగ్లస్ హర్డ్ లిఖిత ఆదేశం ఇచ్చాడు. డబ్బు వెళ్లింది, ఆనకట్ట పని సాగింది. చూడటానికి ఓడిపోయినట్టే.

ఆ అభ్యంతరం మాత్రం ఫైల్లో ఉండిపోయింది. ఆడిటర్లు దాన్ని చూశారు, పార్లమెంటు కమిటీలు చూశాయి, పత్రికలకు ఎక్కింది. ఒక స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్లింది. ఆర్థికంగా నిలబడని పథకానికి అభివృద్ధి సాయం పేరుతో డబ్బు ఇవ్వడం చట్టవిరుద్ధమని 1994 నవంబరులో లండన్ హైకోర్టు తీర్పిచ్చింది. మిగిలిన వాయిదాలకు ప్రభుత్వం వేరే చోట డబ్బు వెతుక్కోవాల్సి వచ్చింది. తీర్పు వచ్చేనాటికి ల్యాంకెస్టర్ ఆ కుర్చీలో లేడు, విద్యాశాఖకు మారిపోయాడు.